వాణిజ్య వివాదాల్లో అఫిడవిట్లు, సాక్షి వాంగ్మూలాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

వాణిజ్య దావాలో అఫిడవిట్ రాయడానికి కూర్చున్న ప్రతిసారీ అవే సందేహాలు తిరిగి వస్తాయి. సరుకు మారుతుంది, బాకీ మారుతుంది, ఒప్పందం మారుతుంది, ప్రశ్నలు మాత్రం మారవు. అందుకే వాటిని పని జరిగే వరుసలో ఒకచోట పెట్టాను. మీకు కావలసిన చోటు నుంచి చదువుకోవచ్చు. నియమాలు దేశాన్ని బట్టి మారతాయి కాబట్టి ఏది ఎక్కడి నియమమో అక్కడికక్కడే చెప్పాను.

ఎక్కడైనా మారని ప్రశ్న ఒకటుంది: "ఈ సంగతి మీకెలా తెలుసు?" చిత్తుప్రతి చేతికి రాగానే ప్రతి వాక్యం పక్కనా పెన్సిలుతో ఈ ప్రశ్న వేసి చూడండి. సగం అఫిడవిట్ అక్కడే రాలిపోతుంది. రాలిపోవడమే మంచిది.

## మొదలుపెట్టక ముందు

అఫిడవిట్, సాక్షి వాంగ్మూలం రెండూ ఒకటేనా?

చేసే పని ఒకటే, ప్రమాణం దగ్గర తేడా ఉంది. అఫిడవిట్‌పై సాక్షి నోటరీ ఎదుటో, ప్రమాణం చేయించే అధికారం ఉన్న మరొకరి ఎదుటో ప్రమాణం చేసి సంతకం పెడతాడు. సాక్షి వాంగ్మూలంలో ప్రమాణం ఉండదు. ఇందులోని విషయాలు నిజమని నమ్ముతున్నానన్న ప్రకటన చివర ఉంటుంది, దాని కింద సంతకం ఉంటుంది. భారతదేశంలో సివిల్ దావాల్లో సాక్షి ముఖ్య విచారణ, అంటే తనను పిలిచిన పక్షం కోసం సాక్షి ముందుగా చెప్పే సాక్ష్యం, 2002 సవరణ తర్వాత అఫిడవిట్ రూపంలోనే సాగుతోంది. ఇంగ్లండ్‌లో విచారణకు వాంగ్మూలం చాలు. ఆస్తుల స్తంభన, సోదా వంటి కఠినమైన ఉత్తర్వులు కోరేటప్పుడు మాత్రం అక్కడా అఫిడవిట్ కావాలి. అమెరికా ఫెడరల్ కోర్టుల్లో చాలా సందర్భాలకు, అబద్ధమైతే శిక్షకు లోబడతానని రాసిచ్చే ప్రకటన నోటరీ లేకుండానే చెల్లుతుంది. ప్రమాణం లేదు కదా అని వాంగ్మూలాన్ని తేలిగ్గా తీసుకోకండి. నిజమన్న నమ్మకం లేకుండా సంతకం పెడితే ఇంగ్లండ్‌లో అది కోర్టు ధిక్కారం కిందికి వస్తుంది.

మా ఎండీ గారే సంతకం పెడితే బరువుగా ఉంటుంది కదా?

ఉండదు. సరుకు దించుకున్నది గోదాము ఇన్‌చార్జి, బేరం కుదిర్చింది సేల్స్ మేనేజరు, బిల్లు పోస్ట్ చేసింది అకౌంటెంటు అయినప్పుడు ఎండీ గారి అఫిడవిట్ మొత్తం విన్నమాటే అవుతుంది. అడ్డు ప్రశ్నల్లో, అంటే ఎదుటి న్యాయవాది సాక్షిని నిలదీసే ప్రశ్నల్లో, మొదటి పది నిమిషాలూ "ఆ రోజు మీరు అక్కడ ఉన్నారా?" అన్న ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. ప్రతిసారీ "లేను" అనే చెప్పాల్సి వస్తుంది.

ఇక్కడ రెండు విషయాలు కలిసిపోతుంటాయి. సంస్థ తరఫున దావా మీద సంతకం పెట్టడానికి అధికారం కావాలి, అది బోర్డు తీర్మానంతోనో పవర్ ఆఫ్ అటార్నీతోనో వస్తుంది. సాక్ష్యం చెప్పడానికి కావలసింది తెలిసి ఉండటం. దాన్ని ఏ తీర్మానమూ ఇవ్వలేదు. అసలు మనిషికి మాత్రమే స్వయంగా తెలిసిన విషయాల మీద పవర్ ఆఫ్ అటార్నీ ఉన్న వ్యక్తి ఆయన బదులు సాక్ష్యం చెప్పలేడని భారత సుప్రీంకోర్టు 2004లోనే తేల్చి చెప్పింది. అయినా ఈ తప్పు ఇంకా జరుగుతూనే ఉంది.

ఆ బేరం మాట్లాడిన ఉద్యోగి మానేసి వెళ్లిపోయాడు. ఇప్పుడేం చేయాలి?

ముందు ఫోను చేసి మర్యాదగా అడగండి. చాలామంది వస్తారు, అడిగే తీరులో ఉంటుంది. ఆయనకు రావలసిన జీతం, సెటిల్‌మెంటు సొమ్ము ఏదైనా మిగిలి ఉంటే దాన్ని సాక్ష్యంతో ముడిపెట్టకండి. ఆ ముడి బయటపడితే సాక్ష్యమే కుప్పకూలుతుంది. ప్రయాణ ఖర్చు, పోయిన పనిదినానికి న్యాయమైన పరిహారం ఇవ్వడం వేరే సంగతి. ఆయన రానంటే కోర్టు ద్వారా సమన్లు పంపించవచ్చు. అయితే ఇష్టం లేకుండా వచ్చిన సాక్షి ఏం చెబుతాడో ముందుగా తెలియదు. ఆయన రాసిన ఈమెయిళ్లు, మీటింగ్ నోట్సు మీ దగ్గరే ఉంటాయి కాబట్టి, ఆ రికార్డును నిర్వహించే మరొకరు ఆ కాగితాలను కోర్టు ముందు పెట్టగలరేమో చూడండి. ఆ రెండో మనిషి మాత్రం "బేరం ఇలా జరిగింది" అని రాయకూడదు. "ఈ ఈమెయిల్ మా సర్వర్లో ఉంది, దాన్ని నేను తీశాను" వరకే ఆయన హద్దు.

ఎంతమంది సాక్షులు కావాలి?

వివాదంలో ఉన్న ప్రతి అంశానికీ, దాన్ని కళ్లారా చూసిన ఒక్కరు. ఒకే సంగతి ముగ్గురి చేత చెప్పిస్తే మూడు రెట్లు బలం వస్తుందనుకుంటారు. ఆ ముగ్గురి మాటల మధ్య తేడాలు వెతికే అవకాశం ఎదుటి న్యాయవాదికి దొరుకుతుంది, అంతే.

## సాక్షితో మాట్లాడేటప్పుడు

ముందు కాగితాలు చూపించి అడగాలా, ముందు అడిగి కాగితాలు చూపించాలా?

ముందు అడగండి. ఏ ఫైలూ బల్ల మీద లేకుండా "మొదటి నుంచీ ఏం జరిగిందో మీ మాటల్లో చెప్పండి" అని మొదలుపెట్టి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. ఆ తర్వాతే ఈమెయిళ్లు, బిల్లులు, డెలివరీ చలాన్లు చూపించండి. ఏది తనకుగా గుర్తుంది, ఏది కాగితం చూశాక గుర్తొచ్చింది అన్న తేడా మీ నోట్సులో మిగలాలి. కాగితాలు ముందే చూపిస్తే సాక్షి జ్ఞాపకం, కాగితంలోని కథ కలిసిపోతాయి. ఆ తర్వాత వాటిని విడదీయడం ఆయన వల్ల కూడా కాదు.

ఇంగ్లండ్‌లోని వాణిజ్య, ఆస్తి వివాదాల కోర్టుల్లో దీనికి ప్రత్యేక నియమమే ఉంది. 2021 ఏప్రిల్ 6 నుంచి అమలులో ఉన్న ప్రాక్టీస్ డైరెక్షన్ 57ఏసీ ప్రకారం, వాంగ్మూలం తయారీలో సాక్షికి ఏయే పత్రాలు చూపించారో జాబితా ఇవ్వాలి. ముఖ్యమైన వివాదాంశాల్లో తనకు ఎంత బాగా గుర్తుందో, పత్రాలు చూసి గుర్తు తెచ్చుకున్నారో లేదో సాక్షి చెప్పాలి. ఆ నియమం మీకు వర్తించకపోయినా పద్ధతి మాత్రం పాటించదగినదే.

సాక్షి "సరిగ్గా గుర్తులేదు" అంటున్నాడు. కాస్త అందిస్తే తప్పా?

జవాబు ప్రశ్నలోనే పెట్టి అడిగితే తప్పు. "అప్పుడు ఆయన కోపంగా ఆర్డరు రద్దు చేస్తానన్నాడు కదా?" అని అడిగితే, వచ్చే "అవును" మీ మాటే గానీ సాక్షి మాట కాదు. "అప్పుడు ఆయన ఏమన్నారు?" అని అడగాలి.

ఒక్క మాట ఎంత పని చేస్తుందో 1974లో అమెరికా మనస్తత్వవేత్తలు ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ చూపించారు. విద్యార్థులకు కారు ప్రమాదాల ఫిల్ములు చూపించి వేగం ఎంత ఉండొచ్చని అడిగారు. కొందరిని అడిగేటప్పుడు "తగిలినప్పుడు" అన్నారు, మరికొందరిని "నుజ్జునుజ్జుగా గుద్దుకున్నప్పుడు" అన్నారు. రెండో మాట విన్నవారు ఎక్కువ వేగం చెప్పారు. ఇలాంటి మరో ప్రయోగంలో వారం తర్వాత అడిగితే, ఫిల్ములో లేని పగిలిన అద్దాన్ని చూశామన్నవారు కూడా రెండో మాట విన్నవారిలోనే ఎక్కువ. వాళ్లెవరూ అబద్ధమాడలేదు. వాళ్లకు అలాగే గుర్తుంది.

అందుకే ఇంగ్లండ్ వాణిజ్య కోర్టు న్యాయమూర్తి లెగాట్ 2013లో గెస్ట్‌మిన్ కేసు తీర్పులో, సమావేశాల్లో, సంభాషణల్లో ఎవరేమన్నారన్న జ్ఞాపకాల మీద ఆధారపడటం బాగా తగ్గించి, ఆనాటి పత్రాల నుంచే నిర్ధారణకు రావడం మేలన్నారు. "నాకు గుర్తులేదు" అన్న వాక్యం వాంగ్మూలంలో ఉంటే భయపడకండి. మిగతా వాక్యాలకు నమ్మకం తెచ్చిపెట్టేది చాలాసార్లు అదే.

ఇద్దరు సాక్షులను కలిపి కూర్చోబెట్టి మాట్లాడితే సమయం కలిసొస్తుంది కదా?

సమయం కలిసొస్తుంది, సాక్ష్యం పోతుంది. ఒకరు చెప్పింది విన్నాక రెండోవారి జ్ఞాపకం దాని వెంటే నడుస్తుంది. విడివిడిగా కూర్చోబెట్టండి. ఒకరి చిత్తుప్రతిని మరొకరికి పంపకండి. రెండు అఫిడవిట్లలో ఒకే పేరా అక్షరం పొల్లుపోకుండా కనిపిస్తే అది కాపీ పేస్టు అని జడ్జి గారికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

మా సాక్షికి తెలుగే వచ్చు. అఫిడవిట్ ఇంగ్లీషులో రాయించవచ్చా?

సాక్షి ఏ భాషలో ఆలోచిస్తాడో ఆ భాషలో రాయించడం అన్నిటికన్నా మంచిది. ఇంగ్లండ్ నియమాలు 2020 నుంచి సాక్షి సొంత భాషలోనే వాంగ్మూలం రాయమంటున్నాయి, దానితో పాటు ధ్రువీకరించిన అనువాదం జతచేయాలి. అంతర్జాతీయ ఆర్బిట్రేషన్లలో (కోర్టు బయట మధ్యవర్తులు తీర్పు ఇచ్చే వివాదాల్లో) విరివిగా వాడే ఐబీఏ (ఇంటర్నేషనల్ బార్ అసోసియేషన్) సాక్ష్య నియమాలు కూడా, వాంగ్మూలం మొదట ఏ భాషలో తయారైందో, సాక్షి ఏ భాషలో మాట్లాడబోతున్నాడో అందులోనే చెప్పమంటాయి.

కోర్టు భాష వల్ల ఇంగ్లీషులోనే దాఖలు చేయక తప్పకపోతే, మొత్తం సాక్షికి తెలిసిన భాషలో చదివి వినిపించి, అర్థమైందని ఆయన ఒప్పుకున్నాకే సంతకం తీసుకోవాలి. చదివి వినిపించిన సంగతి, ఎవరు వినిపించారన్నది కింద రాయాలి. సంతకం పెట్టిన కాగితంలో ఏముందని అడిగితే "వకీలు గారికి తెలుసు" అని జవాబిచ్చే సాక్షి కంటే అసలు సాక్షి లేకపోవడమే నయం.

## రాసేటప్పుడు

దావాలో రాసిందే అఫిడవిట్‌లోకి దించితే సరిపోదా?

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు ఇదే. దావా అంటే మీ కేసు. అఫిడవిట్ అంటే ఒక మనిషికి తెలిసిన సంగతులు. భారతదేశంలో 2015 వాణిజ్య న్యాయస్థానాల చట్టం ద్వారా సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 19లో చేర్చిన 6వ నియమం, దావా పత్రాన్ని మక్కీకి మక్కీ దించిన అఫిడవిట్‌ను, న్యాయపరమైన వాదనలు నింపిన అఫిడవిట్‌ను పూర్తిగా గానీ కొంత భాగం గానీ కొట్టివేసే అధికారం కోర్టుకు ఇచ్చింది. సంఘటనలు తేదీల వరుసలో ఉండాలనీ, ఒక్కో పేరా ఒక్కో సంగతికి పరిమితం కావాలనీ, పేరాలకూ పేజీలకూ నంబర్లుండాలనీ, తేదీలతో సహా సంఖ్యలన్నీ అంకెల్లో రాయాలనీ అదే నియమం చెబుతుంది.

దించడం వల్ల వచ్చే ప్రమాదం కోర్టు హాల్లో తెలుస్తుంది. గోదాములో పనిచేసే మనిషి అఫిడవిట్‌లో "ప్రతివాది ఒప్పందపు మౌలిక షరతును ఉల్లంఘించాడు" అని ఉందనుకోండి. ఎదుటి న్యాయవాది లేచి, మెల్లగా, "మౌలిక షరతు అంటే ఏమిటండీ?" అని అడుగుతాడు. సాక్షి తన న్యాయవాది వైపు చూస్తాడు. ఆ చూపును జడ్జి గారు కూడా చూస్తారు.

నేను చూడలేదు, మా సూపర్‌వైజర్ చెప్పాడు. అది రాయవచ్చా?

విచారణలో సాక్ష్యంగా వాడే అఫిడవిట్‌లో స్వయంగా తెలిసిందే ఉండాలన్నది భారతదేశంలో సాధారణ నియమం. తాత్కాలిక ఉత్తర్వుల కోసం వేసే దరఖాస్తుల్లో నమ్మకం మీద చెప్పే మాటలకు చోటుంది, అయితే ఆ నమ్మకానికి ఆధారం చూపాలి. ఎక్కడ రాసినా మూలం చెప్పి రాయండి. "లారీ రాలేదని తెలిసింది" అనకుండా "లారీ రాలేదని ఆ రోజు సాయంత్రం మా షిఫ్ట్ సూపర్‌వైజర్ నాతో ఫోనులో చెప్పారు" అనాలి. ఆ సంగతి కేసుకు ముఖ్యమైనదైతే మీ అఫిడవిట్‌లో దాన్ని సాగదీయకుండా ఆ సూపర్‌వైజర్ చేతనే ఒక అఫిడవిట్ ఇప్పించండి.

సరుకు నాసిరకమని రాయకుండా నాసిరకమని ఎలా చెప్పాలి?

చూసింది చెబితే చాలు, తీర్పు కోర్టు ఇచ్చుకుంటుంది. ఒక చిత్తుప్రతిలో ఇలా ఉందనుకోండి:

"ప్రతివాది సరఫరా చేసిన రసాయనం పూర్తిగా నాసిరకమైనదని, తద్వారా మా సంస్థకు తీరని నష్టం వాటిల్లిందని సవినయంగా మనవి చేసుకుంటున్నాను."

ఇందులో సాక్షి చూసింది ఒక్కటీ లేదు. అదే మనిషిని కూర్చోబెట్టి అరగంట మాట్లాడితే ఇలా వస్తుంది:

"2023 మార్చి 14న ఉదయం 40 డ్రమ్ములు గోదాముకు వచ్చాయి. దగ్గరుండి దించుకున్నది నేనే. వాటిలో 6 డ్రమ్ముల మూతలు తీయించాను. 4 డ్రమ్ముల అడుగున తెల్లటి గడ్డలు కనిపించాయి. కర్రతో కలిపినా కరగలేదు. 11 గంటల ప్రాంతంలో నా ఫోనుతో ఫొటోలు తీసి కొనుగోలు విభాగానికి పంపాను. మిగతా 34 డ్రమ్ములు ఆ రోజు తెరవలేదు."

చివరి వాక్యం తీసేద్దామని సంస్థవాళ్లు అడుగుతారు, కేసు బలహీనపడుతుందని వాళ్ల భయం. ఉండనివ్వండి. తెరవని డ్రమ్ముల గురించి సాక్షే ముందుగా చెప్పేస్తే, అడ్డు ప్రశ్నల్లో దాన్ని బయటికి లాగి గెలిచినట్టు నిలబడే అవకాశం ఎదుటివారికి ఉండదు. గడ్డలు ఎందుకు కట్టాయో, ఆ రసాయనం ప్రమాణాలకు తగినట్టు ఉందో లేదో చెప్పాల్సింది మాత్రం నిపుణుడు. గోదాము మనిషి చేత ఆ మాట అనిపించకండి.

ఫోనులో జరిగిన సంభాషణ ఎలా రాయాలి?

ఎవరు ఎవరికి చేశారు, ఎప్పుడు, ఎంతసేపు, ఇంకెవరైనా విన్నారా అన్నవి ముందు. మాటలు యథాతథంగా గుర్తుంటేనే కొటేషన్లలో పెట్టండి, లేకపోతే "ఈ అర్థం వచ్చేలా అన్నారు" అని రాయండి. నాలుగేళ్ల కిందటి సంభాషణను నాటకంలా, మాటకు మాట, పేజీన్నర రాస్తే ఎవరూ నమ్మరు. ఆ వెంటనే పంపిన మెసేజ్ గానీ, డైరీలో రాసుకున్న ముక్క గానీ, కాల్ రికార్డులో కనిపించే సమయం గానీ ఉంటే దాన్ని జతచేయండి. ఒక్క గీత నోట్సు చాలు, పెద్ద జ్ఞాపకం కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

మాకు వ్యతిరేకంగా ఉన్న ఈమెయిల్ ఒకటుంది. దాని ఊసెత్తకుండా వదిలేయవచ్చా?

ఆ ఈమెయిల్ ఎదుటివారి దగ్గర కూడా ఉంటుంది. చాలాసార్లు పంపింది వాళ్లకే. సాక్షికి దానితో సంబంధం ఉంటే అఫిడవిట్‌లోనే ప్రస్తావించి, అప్పుడు ఏ పరిస్థితిలో ఎందుకు అలా రాశారో చెప్పించండి. "ఆలస్యం మా వైపు నుంచేనని మే 3న రాశాను. అప్పటికి కస్టమ్స్ కాగితాలు ఇంకా నా చేతికి రాలేదు" అని సాక్షే చెప్పడానికి, అదే ముక్క అడ్డు ప్రశ్నల్లో బయటపడ్డాక చెప్పడానికి చాలా తేడా ఉంది. మొదటిది వివరణ అవుతుంది, రెండోది సాకులా వినిపిస్తుంది.

ఎదుటి పక్షానికి తెలియకుండా ఏకపక్షంగా తాత్కాలిక ఉత్తర్వు కోరుతున్నప్పుడైతే ఇది ఇష్టానికి వదిలేసే విషయం కాదు. ముఖ్యమైన ప్రతికూల వాస్తవాన్ని దాచితే, ఆ ఒక్క కారణంతోనే వచ్చిన ఉత్తర్వు రద్దు కావచ్చు.

రాజీ కోసం జరిగిన మాటలు అఫిడవిట్‌లో పెట్టవచ్చా?

పెట్టకండి. "పోనీ సగం ఇస్తాను, ఇక్కడితో వదిలేద్దాం" లాంటి రాజీ ప్రతిపాదనలకు చాలా దేశాల చట్టాలు రక్షణ ఇస్తాయి. మీ న్యాయవాది మీకిచ్చిన సలహా కూడా అలాంటిదే. "మా న్యాయవాది చెప్పినట్టుగా" అని యథాలాపంగా ఒక్క ముక్క రాసేస్తే, ఆ సలహా ఏమిటో చూపించమని ఎదుటివారు పట్టుబట్టే దారి మీరే తెరిచినట్టవుతుంది.

ఎంత పొడవుండాలి?

సాక్షికి తెలిసినంత.

నష్టం లెక్కలు అఫిడవిట్‌లో ఎలా చూపాలి?

మొత్తం ఒక్క అంకెగా రాసి వదిలేస్తే దానికి విలువ లేదు. ఏ బిల్లుకు ఎంత, ఎంత చెల్లింపు వచ్చింది, వడ్డీ ఏ రేటున ఏ తేదీ నుంచి లెక్కించారు అన్నవి పట్టికగా అనుబంధంలో పెట్టండి. అఫిడవిట్‌లో మాత్రం ఆ పట్టికను ఎవరు, ఏ ఖాతా పుస్తకాల నుంచి, ఏ పద్ధతిలో తయారు చేశారో చెప్పించండి. పట్టిక తయారు చేసిన మనిషే సంతకం పెట్టాలి. దాఖలు చేసే ముందు మరొకరి చేత కూడికలు వేయించండి. రెండు రూపాయల తప్పు వల్ల కేసు ఓడిపోరు గానీ, ఆ రెండు రూపాయల మీద సాక్షి అరగంట నిలబడాల్సి వస్తుంది.

## పత్రాలు జతచేసేటప్పుడు

వాట్సాప్ స్క్రీన్‌షాట్ల ప్రింట్లు పెడితే చాలదా?

భారతదేశంలో చాలదు. 2024 జులై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డు ప్రింటు లేదా కాపీ ఇచ్చేటప్పుడు దానితో ధ్రువపత్రం ఉండాలి. ఆ ధ్రువపత్రం రెండు భాగాలు: మొదటిది రికార్డును ఇచ్చే పక్షం నింపాలి, రెండోది నిపుణుడు నింపాలి. ఆ ఫైలు హాష్ విలువ (ఫైలు మొత్తం నుంచి కంప్యూటరు లెక్కగట్టి తీసే, వేలిముద్ర లాంటి గుర్తు), దాన్ని ఎస్‌హెచ్ఏ 256 వంటి ఏ పద్ధతిలో తీశారన్నది అందులో రాయాలి. ఫైలులో ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది, అందుకే దాన్ని అడుగుతారు.

వివాదం మొదలైందని తెలిసిన రోజునే ఆ ఫోనును జాగ్రత్త చేయండి. మార్చకండి, ఫార్మాట్ చేయకండి, చాట్లు చెరపకండి. మీకు నచ్చిన నాలుగు మెసేజ్‌లు కత్తిరించి పెట్టకుండా ఆ కాలానికి చెందిన చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి ఉంచుకోండి. స్క్రీన్‌షాట్‌లో "నిన్న" అని మాత్రమే కనిపిస్తే అది ఏ నిన్నో తర్వాత ఎవరూ చెప్పలేరు.

అనుబంధాలకు నంబర్లు ఎలా వేయాలి?

చదివేవారు ఒక్క చేత్తో పేజీ తిప్పగలిగేలా వేయాలి. అఫిడవిట్‌లో పత్రం ప్రస్తావన వచ్చిన చోటే అనుబంధం నంబరు, పేజీ నంబరు రాయండి. ఒక పత్రాన్ని మొదటి నుంచి చివరి దాకా ఒకే పేరుతో పిలవండి. 3వ పేరాలో "కొనుగోలు ఆర్డరు", 9వ పేరాలో "పీఓ", 15వ పేరాలో "సదరు పత్రం" అంటే అవి మూడు వేర్వేరు పత్రాలేమోనని చదివేవారు తడుముకుంటారు. సంతకానికి ముందు ప్రతి అనుబంధాన్నీ సాక్షి చేత తెరిపించి చూపించండి. తను ఎన్నడూ చూడని పత్రం తన అఫిడవిట్‌కు జతై ఉందని సాక్షికి కోర్టులో తెలియకూడదు.

## సంతకం, ప్రమాణం

సాక్షి ఊళ్లో లేడు. సంతకం చేసిన చివరి పేజీ ముందే పంపించాడు. దానికి జతచేసి నోటరీ చేయించవచ్చా?

వద్దు. నోటరీ ముద్రకు అర్థం ఈ మనిషి నా ఎదుటకు వచ్చి ప్రమాణం చేశాడని. మనిషి రాకుండా వేసిన ముద్ర నోటరీని, న్యాయవాదిని, సాక్షిని ముగ్గురినీ ఇరికిస్తుంది. "ఈ కాగితం మీద ఎక్కడ సంతకం పెట్టారు, అప్పుడు ఎవరెవరున్నారు?" అన్నది అడ్డు ప్రశ్నల్లో మామూలుగా వచ్చేదే. ఆ తేదీన సాక్షి వేరే ఊళ్లో ఉన్నాడని చూపించడానికి ఒక్క రైలు టికెట్ చాలు.

సాక్షి విదేశంలో ఉంటే?

అక్కడి నోటరీ ఎదుట ప్రమాణం చేసి, ఆ దేశం 1961 హేగ్ ఒప్పందంలో ఉంటే ఆ పత్రానికి అపోస్టిల్ (నోటరీ సంతకం, ముద్ర అసలువేనని ఆ దేశ అధికారులు ఇచ్చే ధ్రువీకరణ) వేయించడం ఒక దారి. భారతీయ కోర్టుకైతే అక్కడి భారత దౌత్య కార్యాలయంలో ప్రమాణం చేయించే అధికారం ఉన్న అధికారి ఎదుట సంతకం పెట్టడం ఇంకో దారి. రెండింటికీ అపాయింట్‌మెంట్లు, కొరియర్లు ఉంటాయి కాబట్టి గడువుకు వారం ముందు మొదలుపెడితే అందదు.

సంతకం పెట్టేటప్పుడు తేదీ తప్పని సాక్షి చెప్పాడు. చేత్తో దిద్దవచ్చా?

ప్రమాణానికి ముందే అయితే దిద్దవచ్చు. తప్పు మాటను ఒక్క గీతతో కొట్టేసి, సరైనది పైన రాసి, సాక్షి, ప్రమాణం చేయించే అధికారి ఇద్దరూ పక్కన పొడి సంతకాలు చేయాలి. వైట్‌నర్ వాడకూడదు. దిద్దుబాట్లు మూడు నాలుగు దాటితే ఆ పేజీ మళ్లీ ప్రింటు తీయడమే శుభ్రం.

## దాఖలు చేశాక

దాఖలు చేశాక ఒక పేరా తప్పని తెలిసింది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు కదా?

మీకు తెలుసు, సాక్షికి తెలుసు, ఇక అది అమాయకపు పొరపాటు కాదు. తప్పేమిటో, ఎలా జరిగిందో, సరైనదేమిటో చెబుతూ అదనపు అఫిడవిట్ వేయడానికి వెంటనే అనుమతి అడగండి. భారతీయ వాణిజ్య కోర్టుల్లో ఒక పక్షం తన సాక్షుల అఫిడవిట్లన్నీ ఒకేసారి దాఖలు చేయాలి. ఆ తర్వాత అదనపు సాక్ష్యం కావాలంటే దరఖాస్తులో తగిన కారణం చూపాలి, కోర్టు కారణాలు రాసి అనుమతించాలి. అందుకే ఆలస్యం చేసిన కొద్దీ కారణం పలచబడుతుంది.

వేసిన అఫిడవిట్‌ను వెనక్కి తీసుకోవచ్చా?

భారతీయ వాణిజ్య కోర్టుల్లో ఆ సాక్షి అడ్డు ప్రశ్నలు మొదలు కాకముందు ఎప్పుడైనా తీసుకోవచ్చు. తీసుకున్నారు కాబట్టి ఏదో దాస్తున్నారని కోర్టు అనుకోకూడదని నియమంలోనే ఉంది. అయితే వెనక్కి తీసుకున్న అఫిడవిట్‌లో మీకు వ్యతిరేకంగా ఒప్పుకోలు ఏదైనా ఉంటే దాన్ని ఎదుటివారు సాక్ష్యంగా వాడుకోవచ్చు.

అంతా రాసిచ్చాను కదా, మళ్లీ కోర్టుకు రావాలా?

ఎదుటివారు అడ్డు ప్రశ్నలు వేయాలంటే రావాలి. రాకపోతే రాసిచ్చినదానికి విలువ పోతుంది. ఐబీఏ నియమాలు వర్తించే ఆర్బిట్రేషన్లో, పిలిచిన సాక్షి సరైన కారణం లేకుండా రాకపోతే, అసాధారణ పరిస్థితుల్లో తప్ప ఆ వాంగ్మూలాన్ని ఆర్బిట్రేటర్లు పక్కన పెట్టేస్తారు. రాలేని పరిస్థితి ముందే తెలిస్తే వీడియో ద్వారా విచారించమని అడగండి.

అడ్డు ప్రశ్నలకు సాక్షిని సిద్ధం చేయడం తప్పా?

సిద్ధం చేయవచ్చు, జవాబులు నేర్పకూడదు. కోర్టులో ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమని చెప్పవచ్చు, తెలియనిది తెలియదనవచ్చు అన్నవి వివరించండి. అఫిడవిట్, అనుబంధాలు మళ్లీ ఒకసారి నింపాదిగా చదివించండి. "ఇలా అడిగితే ఇలా చెప్పు" అన్న చోట మీరు గీత దాటారు. ఇంగ్లండ్‌లో అయితే సాక్ష్యం మధ్యలో విరామం వచ్చినప్పుడు దాని గురించి ఎవరితోనూ, సొంత న్యాయవాదితో కూడా మాట్లాడవద్దని జడ్జి సాక్షిని హెచ్చరిస్తారు. ఆ విరామంలో వాతావరణం గురించి మాట్లాడుకోండి.

అఫిడవిట్‌లో అబద్ధమని తేలితే నిజంగా ఏమవుతుంది?

తెలిసి అబద్ధం చెప్పినట్టు రుజువైతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద 7 సంవత్సరాల వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. ఇంగ్లండ్‌లో కోర్టు ధిక్కారం కింద 2 సంవత్సరాల వరకు జైలు. శిక్ష దాకా వెళ్లే కేసులు తక్కువే గానీ, దానికి చాలా ముందే జరిగేది ఒకటుంది. ఒక్క పేరా అబద్ధమని తేలిన సాక్షి చెప్పిన మిగతా నిజాలను కూడా కోర్టు అనుమానంతోనే చదువుతుంది, ఆ సాక్షి మీద నిలబెట్టిన దావా అక్కడి నుంచి తేరుకోవడం కష్టం.